న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్ళకి అప్పటికే ఉన్న ఓటుని 1821లో ఎందుకు తీసేశారు? మా పాపకి ఎలా చెప్పాలి?

జయనగర్_అమ్మ

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉన్న మనవాళ్ళలో చరిత్ర చదివినవాళ్ళో పాఠం చెప్పినవాళ్ళో ఉంటే కాస్త సాయం చేయండి. మా పాప పదకొండో తరగతి. వచ్చే శుక్రవారం వాళ్ళ క్లాసులో ఒక చర్చ పెట్టారు. 1821లో న్యూయార్క్ రాష్ట్రం తన రాజ్యాంగాన్ని తిరగరాసుకోవడానికి ఆల్బనీలో సభ జరిపింది కదా, ఆ సభ్యుల్లాగా పిల్లలు కూర్చొని వాదించాలి. చీటీలు వేసి పక్షాలు పంచారు. మా పాపకి వచ్చిన పక్షం ఏమిటంటే, నల్లజాతి మగవాళ్ళు ఓటు వేయాలంటే 250 డాలర్ల విలువైన సొంత భూమి ఉండాలి, తెల్లవాళ్ళకి ఆ షరతు అక్కర్లేదు, అనే పక్షం.

అప్పటినుంచి పిల్ల ముభావంగా ఉంది. నిన్న రాత్రి అన్నం దగ్గర కూర్చొని, "అమ్మా, వీళ్ళు బానిసలు కారు కదా, అంతకుముందు ఓటు వేస్తూనే ఉన్నారు కదా, మరి ఉన్నదాన్ని ఎందుకు లాక్కున్నారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది బీకాం. అమెరికా అంటే నాకు బానిసత్వం, ఆ తర్వాత అంతర్యుద్ధం, లింకన్, చాలా ఏళ్ళకి మార్టిన్ లూథర్ కింగ్, అంతే. ఈ మధ్యలో స్వేచ్ఛగా బతికిన నల్లజాతి వాళ్ళు ఉన్నారని, వాళ్ళు ఓటు కూడా వేశారని నాకు తెలియనే తెలియదు. హక్కులు మెల్లగా అయినా పెరుగుతూనే వస్తాయని అనుకునేదాన్ని, ఇక్కడేమో వెనక్కి పోయాయి.

అది ఎందుకు జరిగిందో చెప్పండి. ఇంకో మాట, తనకి నచ్చని పక్షం తరఫున పిల్ల ఎలా మాట్లాడాలి? పక్షం మార్చమని టీచర్‌ని అడగమంటారా? ఆలస్యమైనా పర్లేదు, వివరంగా రాయండి.

పాతపాఠం_మాస్టారు

అమ్మా, నేను అనంతపురంలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైర్ అయ్యాను, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ పాప అడిగిన ప్రశ్న నా సర్వీసులో ఏ విద్యార్థీ అడగలేదు. పక్షం మార్చమని అడగవద్దు, ఎందుకో చివర చెబుతాను.

ముందు ఒక సంగతి పాపకి గట్టిగా చెప్పండి. 1776 తర్వాత చాలా రాష్ట్రాలు రాసుకున్న మొదటి రాజ్యాంగాల్లో ఓటరుకి రంగు లేదు. 1777 నాటి న్యూయార్క్ రాజ్యాంగంలో ఆస్తి షరతు ఉంది కానీ 'తెల్ల' అనే మాట లేదు. పెన్సిల్వేనియాలో లేదు, నార్త్ కరోలినాలో కూడా లేదు. న్యూజెర్సీ అయితే 50 పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు అంది, దాంతో అక్కడ కొందరు నల్లజాతి వాళ్ళూ, సొంత ఆస్తి ఉన్న కొందరు ఆడవాళ్ళూ కూడా ఓటు వేశారు. మసాచుసెట్స్‌లో 1778లో తయారైన ముసాయిదా నల్లజాతి వాళ్ళనీ అమెరికా ఆదివాసులనీ పక్కన పెట్టింది, చాలా ఊళ్ళు ఆ ముసాయిదాని తిప్పికొట్టాయి, 1780లో ఖాయమైన రాజ్యాంగంలో ఆ మాట లేదు. 1790 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 59 వేల మంది స్వేచ్ఛ ఉన్న నల్లజాతి వాళ్ళు ఉన్నారు. బానిసలు ఏడు లక్షలకి దగ్గర, కాబట్టి వీళ్ళు తక్కువే, కానీ ఉన్నారు, పనులు చేసుకున్నారు, పన్నులు కట్టారు, గుడులు కట్టుకున్నారు, కొన్ని చోట్ల ఓటు వేశారు.

ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటే మూశారు. న్యూజెర్సీ 1807లో, కనెక్టికట్ 1818లో, నార్త్ కరోలినా 1835లో, పెన్సిల్వేనియా 1838లో. ఈ సంవత్సరాలు చూస్తే ఒక విషయం కనబడుతుంది. సరిగ్గా ఇవే రోజుల్లో పేద తెల్లవాళ్ళకి ఓటు వస్తోంది. ఆస్తి లేని తెల్ల కూలీని లోపలికి పిలిచిన సభే ఆస్తి ఉన్న నల్ల దర్జీని బయటికి పంపింది. పాత కాలపు మూఢత్వం మిగిలిపోయి ఇలా అయ్యిందనుకోకండి. 'తెల్ల' అన్నది అప్పుడు కొత్తగా, తెలిసి రాసిన మాట.

న్యూయార్క్‌లో ఎందుకంటే, రెండు కారణాలు కలిశాయి. ఒకటి పార్టీ లెక్క. 1799లో జాన్ జే గవర్నర్‌గా ఉన్నప్పుడు బానిసత్వాన్ని మెల్లగా రద్దు చేసే చట్టం వచ్చింది, ఆయన ఫెడరలిస్టు, అంటే అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకదాని మనిషి. ఆ కృతజ్ఞత వల్లా, ఫెడరలిస్టు కుటుంబాలతో ఉన్న పాత సంబంధాల వల్లా నల్లజాతి ఓటు చాలావరకు ఆ పార్టీకే పడేది. 1821 సభలో పైచేయి అవతలి పార్టీది. రెండోది, 1817లో ఇంకో చట్టం చేశారు. దాని ప్రకారం 1827 జూలై 4న మిగిలిన బానిసలు కూడా స్వేచ్ఛ పొందాలి. అంటే సభలో కూర్చున్నవాళ్ళకి తెలుసు, ఇంకో ఆరేళ్ళలో ఓటర్లు కాగల నల్లజాతి వాళ్ళ సంఖ్య పెరుగుతుంది. బానిసత్వం పోయే రోజు దగ్గరపడుతున్న కొద్దీ ఓటు గురించి భయం ఎక్కువైంది.

సభలో జరిగింది చెబుతాను, పాపకి ఇది బాగా పనికొస్తుంది. కమిటీ తెచ్చిన ముసాయిదాలో 'తెల్ల మగ పౌరుడు' అని ఉంది. జాన్ జే కొడుకు పీటర్ జే లేచి ఆ 'తెల్ల' మాట తీసేయమన్నాడు. ఓటింగ్ పెడితే 63కి 59, తీసేయాలన్నవాళ్ళే గెలిచారు! మార్టిన్ వాన్ బ్యూరెన్, తర్వాత దేశాధ్యక్షుడైన మనిషి, ఆ రోజు జే వైపే ఓటు వేశాడు. ఆ తర్వాత విషయాన్ని ఇంకో కమిటీకి పంపారు. అది 250 డాలర్ల షరతుతో తిరిగి వచ్చింది, ఈసారి నెగ్గింది. వాన్ బ్యూరెన్ దాన్నీ సమర్థించాడు, ఈ షరతు వల్ల నల్లజాతి వాళ్ళు కష్టపడి సంపాదించుకోవడానికి ప్రోత్సాహం కలుగుతుందని చెప్పాడు. మొదట్లో మాటని తీసేయడానికి చేయెత్తిన మనిషే, అదే పనిని అంకెతో చేయడానికీ ఒప్పుకున్నాడు.

అందుకే పక్షం మార్చవద్దన్నాను. మీ పాప వాన్ బ్యూరెన్ మాటలు మాట్లాడాలి. ద్వేషం ఎక్కడా వినబడని, చక్కగా మర్యాదగా ఉండే వాదన అది. అలాంటి వాదనతోనే ఎక్కువ నష్టం జరిగింది. దాన్ని నోటితో పలికి చూస్తే, అది ఎక్కడ జారుతోందో పిల్లకి తనకే తెలుస్తుంది.

విజయనగర్_వకీలు

మాస్టారు గారికి నమస్కారం. చట్టం వైపు నుంచి కొన్ని కలుపుతాను. రోజూ కోర్టులో కాగితాలు చూసేవాణ్ణి కాబట్టి నన్ను పట్టేసినవి ఇవే.

ఆ సభలో నల్లజాతి వాళ్ళకి వ్యతిరేకంగా వచ్చిన వాదనల్లో ఒకటి, వీళ్ళు మిలీషియాలో, అంటే రాష్ట్ర సైనిక దళంలో పనిచేయరు కాబట్టి ఓటు అడగకూడదు అని. చేరడానికి వీళ్ళకి దారి ఎక్కడుంది? 1792 నాటి ఫెడరల్ మిలీషియా చట్టం తెల్లవాళ్ళ పేర్లే రాసుకోమంది. చేరనివ్వకపోవడమూ వాళ్ళే, చేరలేదని తప్పు పట్టడమూ వాళ్ళే. దీని మీద క్లార్క్ అనే సభ్యుడు లేచి, స్వాతంత్ర్య యుద్ధంలో వీళ్ళు మనతో కలిసి పోరాడారు, మొన్నటి యుద్ధంలో ఈరీ, షాంప్లెయిన్ సరస్సుల మీద గెలిచిన ఓడల్లోనూ ఉన్నారని గుర్తు చేశాడు. అప్పటికి బ్రిటిష్ వాళ్ళతో జరిగిన 1812 యుద్ధం ముగిసి ఆరేళ్ళే అయ్యింది, సభలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఇంకోటి పన్ను. 1780లో మసాచుసెట్స్‌లో జాన్ కఫీ, పాల్ కఫీ అనే అన్నదమ్ములు ఇంకొందరితో కలిసి ఒక అర్జీ పెట్టారు. మాకు ఓటు లేదు, మా దగ్గర పన్ను మాత్రం వసూలు చేస్తున్నారు, ప్రాతినిధ్యం లేని పన్ను అన్యాయమని మీరే కదా బ్రిటిష్ వాళ్ళతో యుద్ధం చేస్తున్నారు, అని. పన్ను కట్టనందుకు వాళ్ళని కొన్నాళ్ళు జైల్లో కూడా పెట్టారు. ఈ వాదన ఎంత గట్టిదంటే, 1821లో న్యూయార్క్ వాళ్ళు రాజ్యాంగంలోనే ఒక మాట పెట్టుకున్నారు, 250 డాలర్ల భూమి లేని నల్లజాతి మనిషి దగ్గర నేరుగా పన్ను తీసుకోము అని. పైకి మేలు చేసినట్టు ఉంటుంది. అసలు పని, రేపు ఎవరూ కఫీ అన్నదమ్ముల్లా అడగకుండా ఆ నోరు ముందే కట్టేయడం. ఒక క్లాజు రాసేటప్పుడు ఇంత దూరం ఆలోచించారంటే, ఏదో పొరపాటున జరిగిందని అనలేం.

ఓటు పక్కన పెట్టండి, కొన్ని రాష్ట్రాల్లో ఉండటానికే కాగితం కావాలి. ఒహైయోలో 1802 సభలో అప్పటికి అక్కడున్న నల్లజాతి వాళ్ళకి ఓటు ఇవ్వాలా అని లెక్క తీస్తే సమానంగా వచ్చింది, అధ్యక్షుడు ఎడ్వర్డ్ టిఫిన్ వద్దని వేసిన ఒక్క ఓటుతో పోయింది. ఆ తర్వాత 1807 చట్టం ప్రకారం ఆ రాష్ట్రానికి వచ్చిన నల్లజాతి మనిషి 20 రోజుల్లో 500 డాలర్లకి పూచీకత్తు చూపించాలి, భూమి ఉన్నవాళ్ళు జామీను సంతకం పెట్టాలి. బెంగళూరులో ఇల్లు అద్దెకి తీసుకుంటే పది నెలల అడ్వాన్స్ అడుగుతారని మనం బాధపడతాం, ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి అది ఎంత బరువో మనకి తెలుసు. అక్కడ అడిగింది ఒక ఇంటి ఓనర్ కాదు, ప్రభుత్వం, రాష్ట్రంలో అడుగు పెట్టినందుకు. పైగా తెల్లవాళ్ళు కక్షిదారులుగా ఉన్న కేసుల్లో నల్లజాతి వాళ్ళ సాక్ష్యం చెల్లదు. అంటే మీ కళ్ళ ముందు మీ ఇల్లు దోచుకున్నా కోర్టులో నోరు తెరవలేరు. వకీలుగా నాకు ఓటు పోవడం కన్నా ఇదే ఎక్కువ భయం కలిగించింది. 1829లో సిన్సినాటిలో ఆ పూచీకత్తు చట్టాన్ని గట్టిగా అమలు చేస్తామన్నారు, అల్లరి మూకలు ఇళ్ళ మీద పడ్డాయి, వెయ్యిమందికి పైగా ఊరు వదిలిపోయారు, కొందరు కెనడా చేరి అక్కడ కొత్త ఊరు కట్టుకున్నారు. ఈ చట్టాల్లో చాలావాటిని 1849లో గానీ తీసేయలేదు.

కోరమంగళ_కుర్రాడు

మాస్టారూ, వకీలు గారూ, మీరిద్దరూ చెప్పింది చదివాను, గౌరవంతోనే ఒక మాట అడుగుతాను. ఆ రోజుల్లో ఎక్కడైనా ఓటుకి ఆస్తి అర్హత ఉండేది కదా. మన మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా 1919 చట్టం కింద పన్ను కట్టే స్తోమత ఉన్నవాళ్ళకే ఓటు. మా ముత్తాతకి ఓటు లేదు. రెండు వందల ఏళ్ళ కిందటి మనుషుల్ని ఈనాటి కళ్ళతో తప్పు పట్టడం సరైనదేనా? కాలం అలాంటిది అని పాపకి చెప్పినా సరిపోతుందేమో అనిపిస్తోంది.

పాతపాఠం_మాస్టారు

బాబూ, అడిగినందుకు సంతోషం, చాలామందికి ఈ సందేహమే వస్తుంది.

ఆస్తి అర్హత అందరికీ ఉండేది, నిజమే, 1821 ముందు వరకు. పాత న్యూయార్క్ రాజ్యాంగంలో రెండు మెట్లు ఉండేవి. గవర్నర్‌నీ సెనేట్‌నీ ఎన్నుకోవాలంటే 100 పౌండ్ల భూమి ఉండాలి. కింది సభ అయిన అసెంబ్లీకి 20 పౌండ్ల భూమి చాలు, లేదా ఏడాదికి 40 షిల్లింగుల అద్దె కట్టే కాపురం ఉన్నా చాలు. ఈ మెట్లు తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఒకటే. న్యూయార్క్ పాత నాణెం లెక్కలో 100 పౌండ్లంటే ఎంతో తెలుసా? 250 డాలర్లు. అంటే 1821లో ఏం చేశారంటే, తెల్లవాళ్ళకి పాత మెట్లు రెండూ తీసేసి, పన్ను కట్టినా చాలు, మిలీషియాలో చేసినా చాలు, రోడ్డు పని చేసినా చాలు అన్నారు, 1826లో ఆ కొంచెం కూడా తీసేశారు. నల్లజాతి వాళ్ళకి మాత్రం పై మెట్టుని ఉంచి, దాన్నే అన్ని ఎన్నికలకీ పెట్టారు. నిన్నటిదాకా అద్దె ఇంట్లో ఉంటూ అసెంబ్లీకి ఓటు వేసిన నల్లజాతి వడ్రంగికి ఇక ఏ ఓటూ లేదు. రాష్ట్ర పౌరుడిగా మూడేళ్ళు నిండాలనే షరతు దానికి అదనం. మీ ముత్తాతగారికి ఓటు లేదు, బాధాకరమే, కానీ ఆయన పక్కింటివాడికి షరతు తీసేసి ఆయన ఒక్కడికే ఉంచలేదు.

రెండో మాట, కాలం అలాంటిది అన్నారు. ఏ కాలం గురించి చెబుతున్నాం మనం? 63 మంది ఆ మాట తీసేయమని ఓటు వేసిన కాలం కూడా అదే. జేమ్స్ ఫోర్టెన్ బతికింది కూడా ఆ కాలమే. ఈయన ఫిలడెల్ఫియాలో తెరచాపలు కుట్టించే కార్ఖానా యజమాని, నల్లజాతి మనిషి, పిల్లవాడిగా ఉన్నప్పుడే స్వాతంత్ర్య యుద్ధంలో ఓడలో పనిచేసి బ్రిటిష్ వాళ్ళకి బందీ అయ్యాడు. 1813లో పెన్సిల్వేనియా శాసనసభలో నల్లజాతి వాళ్ళు రాష్ట్రంలోకి రాకుండా ఆపే బిల్లు వస్తే, మనుషులందరూ సమానులని రాసుకున్న మీరు దీన్ని ఎలా తెస్తారని ఉత్తరాల రూపంలో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆ బిల్లు చట్టం కాలేదు.

పాతికేళ్ళకి ఆయన అల్లుడు రాబర్ట్ పర్విస్ వంతు వచ్చింది. 1837లో బక్స్ కౌంటీ ఎన్నికలో ఓడిపోయినవాళ్ళు నల్లజాతి ఓట్ల వల్లే ఓడామని గొడవ చేశారు, అక్కడి జడ్జి వీళ్ళకి ఓటు లేదని తీర్పు ఇచ్చాడు. అప్పుడు జరుగుతున్న రాజ్యాంగ సభలో అంతకుముందు ఒకసారి ఓడిన 'తెల్ల' మాట 1838 జనవరి 20న 77కి 45 ఓట్లతో లోపలికి వచ్చింది. రాష్ట్ర సుప్రీం కోర్టులో చీఫ్ జస్టిస్ గిబ్సన్, విలియం ఫాగ్ అనే మనిషి కేసులో, రాజ్యాంగంలో ఉన్న 'ఫ్రీమన్' అనే మాట నల్లజాతి వాళ్ళకి వర్తించదన్నాడు. స్వేచ్ఛగా పుట్టి స్వేచ్ఛగా బతుకుతూ పన్ను కట్టిన మనిషిని నువ్వు స్వేచ్ఛ ఉన్న మనిషివి కాదని చెప్పింది ఆ తీర్పు. పర్విస్ ఊరుకోలేదు. ఓటు పోబోతున్న నలభై వేల మంది పౌరుల తరఫున రాష్ట్ర ప్రజలకి ఒక విజ్ఞప్తి రాశాడు. 1790 సభలో కూడా ఈ 'తెల్ల' మాట ప్రతిపాదనకి వచ్చిందనీ, ఆనాటి పెద్దలు తెలిసే దాన్ని తీసేశారనీ అందులో చూపించాడు. ఆ అక్టోబరులో ప్రజలు కొత్త రాజ్యాంగాన్నే ఖాయం చేశారు. థాడియస్ స్టీవెన్స్ అనే తెల్ల సభ్యుడు మాత్రం ఆ మాట ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టనని పెట్టలేదు.

నేను ఈనాటి కళ్ళు అరువు తెచ్చుకోవడం లేదు బాబూ. ఫోర్టెన్ కళ్ళతో, పర్విస్ కళ్ళతో, జే కళ్ళతో చూస్తున్నాను. వాళ్ళకి ఇది తప్పని అప్పుడే తెలుసు, అప్పుడే రాశారు. కాలం అలాంటిది అని మనం అన్నప్పుడల్లా వీళ్ళని ఆ కాలంలో లేనివాళ్ళుగా చేస్తున్నాం.

కోరమంగళ_కుర్రాడు

100 పౌండ్లే 250 డాలర్లు అన్న సంగతి నాకు తెలియదు మాస్టారూ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. షరతు కొత్తగా పెట్టారని అనుకున్నాను, అందరికీ తీసేసి వీళ్ళకి మాత్రం మిగిల్చారని అనుకోలేదు.

అత్తిగుప్పె_పీజీ

అమ్మా, నేను సివిల్స్‌కి చదువుకుంటున్నాను, అత్తిగుప్పెలో పీజీలో ఉంటాను. మీ పాప వయసుకి ఒక మనిషి కథ అయితే బాగా గుర్తుంటుందని రాస్తున్నాను.

ఆండ్రూ విలియమ్స్ అని ఒక నల్లజాతి కుర్రాడు, 25 ఏళ్ళు, బూట్లు పాలిష్ చేసే పని. 1825లో, అంటే ఆ షరతు వచ్చిన నాలుగేళ్ళకి, మాన్‌హట్టన్‌లో ఊరికి దూరంగా ఉన్న పొలాన్ని ఒక దంపతులు ముక్కలు చేసి అమ్ముతుంటే మూడు సైట్లు 125 డాలర్లకి కొన్నాడు. బెంగళూరులో సైట్ అంటే ఏమిటో మీకు చెప్పాలా, లేఔట్ వేసినప్పుడు ఊరి చివర ఒక థర్టీ ఫార్టీ కొనుక్కోవడానికి మన ఇళ్ళల్లో అమ్మల గాజులు కూడా తాకట్టు పెడతారు. అదే రోజుల్లో ఎపిఫనీ డేవిస్ అనే ఆయన 578 డాలర్లు పెట్టి పన్నెండు సైట్లు కొన్నాడు, నల్లజాతి వాళ్ళ చర్చి కూడా కొంది. అలా ఏర్పడిన ఊరు పేరు సెనెకా విలేజ్. తలదాచుకోవడానికీ, కిందున్న నగరపు గొడవల నుంచి దూరంగా ఉండటానికీ కొన్నారు, అది నిజం, కానీ భూమి ఉంటే ఓటు వస్తుందన్న లెక్క కూడా అందులో ఉంది. ఇళ్ళు, చర్చిలు, బడి, శ్మశానం, అన్నీ కట్టుకున్నారు. 1857కల్లా నగరం ఆ భూమినంతా తీసుకుంది, పరిహారం ఇచ్చింది, ఇళ్ళు పడగొట్టింది. ఇప్పుడు అక్కడ ఉన్నది సెంట్రల్ పార్క్. అంటే ఓటు కావాలంటే భూమి తెచ్చుకో అన్నారు, తెచ్చుకున్న భూమి కూడా నిలవలేదు.

ఇంకోటి కూడా చదివాను. గెరిట్ స్మిత్ అని ఒక పెద్ద భూస్వామి, బానిసత్వానికి వ్యతిరేకి, 1846లో న్యూయార్క్ ఉత్తరాన ఆడిరాండాక్ కొండల్లో తనకున్న లక్షా ఇరవై వేల ఎకరాలని 3,000 మంది నల్లజాతి వాళ్ళకి తలా 40 ఎకరాల లెక్కన పంచుతానన్నాడు. వాళ్ళకి ఆ 250 డాలర్ల అర్హత రావాలనే. మంచి మనసే, కానీ అది కొండ, అడవి, విపరీతమైన చలి, నగరంలో మంగలి పనో వంట పనో చేసుకునే మనిషి అక్కడికి వెళ్ళి చెట్లు కొట్టి సేద్యం చేయాలంటే చేతిలో డబ్బు కావాలి కదా. వెళ్ళినవాళ్ళు కొద్దిమందే. అదే ఏడాది ఈ షరతు తీసేయాలా అని రాష్ట్రంలో ప్రజల ఓటు తీసుకున్నారు, ఓడిపోయింది. 1860లో మళ్ళీ అడిగారు, ఓడిపోయింది. అంతర్యుద్ధం అయిపోయాక 1869లో ఇంకోసారి అడిగారు, అప్పుడు కూడా ఓడిపోయింది! బానిసత్వాన్ని రద్దు చేయడానికి రక్తం ధారపోసిన రాష్ట్రం అది. మూడోది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. చివరికి రంగు చూసి ఓటు ఆపకూడదంటూ 1870లో వచ్చిన 15వ రాజ్యాంగ సవరణతో గానీ ఆ 250 డాలర్లు చెల్లకుండా పోలేదు.

మారతహళ్ళి_తమ్ముడు

అక్కా, మా అన్నయ్య వాళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటారు, పోయిన ఏడాది అమ్మానాన్నలతో కలిసి వెళ్ళాను. దగ్గర్లోనే పెర్త్ ఆంబోయ్ అని ఊరు. అక్కడ థామస్ మండీ పీటర్సన్ అనే ఆయన 1870 మార్చి 31న ఓటు వేశాడు, 15వ సవరణ కింద దేశంలో మొదటి నల్లజాతి ఓటరు ఆయన. 1807లో ఓటు లాగేసుకున్న రాష్ట్రంలోనే అది జరిగింది. మాస్టారు రాసింది చదివేవరకు ఈ రెండూ ఒకే చోట అని నాకు తట్టలేదు, ఆ మధ్యలో 63 ఏళ్ళు, ఒక మనిషి పుట్టి ముసలివాడై పోయేంత.

ఇంకో మాట, ఇది మనవాళ్ళు తెలుసుకోవాలి. 1790లో అమెరికా చేసిన పౌరసత్వ చట్టం బయటినుంచి వచ్చినవాళ్ళలో స్వేచ్ఛ ఉన్న తెల్లవాళ్ళకే పౌరసత్వం అంది. ఆ 'తెల్ల' మాట పట్టుకునే 1923లో సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన అమెరికన్ పౌరుడు కాలేడంది, ఆయన అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. 1946 వరకు మనవాళ్ళకి ఆ దారి మూసే ఉంది. మా అన్నయ్య పిల్లలు అక్కడ పుట్టారు కాబట్టి అక్కడి పౌరులు. ఆ హామీ 1868 నాటి 14వ సవరణలోది. నల్లజాతి వాళ్ళు పౌరులే కారన్న 1857 డ్రెడ్ స్కాట్ తీర్పుని కొట్టేయడానికి తెచ్చిన సవరణ అది. వాళ్ళ పోరాటం ఫలం మన ఇళ్ళల్లో ఉంది, అయినా మా వాళ్ళు అక్కడ నల్లజాతి వాళ్ళ గురించి మాట్లాడే తీరు వింటే నాకు చాలా బాధేసింది. అన్నయ్యకి ఈ చర్చ లింక్ పంపుతున్నాను.

విజయనగర్_వకీలు

తమ్ముడు డ్రెడ్ స్కాట్ ఎత్తాడు కాబట్టి ఒక ముక్క, పాపకి పనికి రావచ్చు. ఆ కేసులో చీఫ్ జస్టిస్ టేనీ, నల్లజాతి వాళ్ళు ఈ దేశం పుట్టినప్పుడు ప్రజల్లో భాగమే కాదన్నాడు. జస్టిస్ కర్టిస్ ఒప్పుకోలేదు. న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్, న్యూయార్క్, న్యూజెర్సీ, నార్త్ కరోలినా, ఈ ఐదు రాష్ట్రాల్లో మొదటి రోజుల్లోనే స్వేచ్ఛ ఉన్న నల్లజాతి వాళ్ళు పౌరులు, అర్హత ఉన్నవాళ్ళు ఓటు కూడా వేశారని రికార్డు చూపించాడు. అందులో నార్త్ కరోలినా జడ్జి గాస్టన్ 1838లో ఇచ్చిన తీర్పు కూడా ఉంది. 1835లో ఆ రాష్ట్రం ఓటు తీసేసే సభలో వద్దని వాదించినవాడు కూడా ఆ గాస్టనే. అక్కడ ఓడిపోయాడు, మూడేళ్ళ తర్వాత బెంచి మీద కూర్చొని, ఓటు పోయినా వీళ్ళు పౌరులేనని రాసిపెట్టాడు.

పోయింది తిరిగి తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, అది చెప్పకపోతే పిల్ల మరీ దిగులుపడుతుంది. రోడ్ ఐలాండ్‌లో 1822లో ఓటు పోయింది. 1840ల మొదట్లో థామస్ డోర్ అనే ఆయన పేద తెల్లవాళ్ళకి ఓటు కోసం తిరుగుబాటు చేశాడు, కానీ వాళ్ళు రాసుకున్న రాజ్యాంగంలో మళ్ళీ 'తెల్ల' అనే ఉంది, నల్లజాతి వాళ్ళు తీసేయమని అడిగినా వినలేదు. దాంతో ప్రావిడెన్స్ నల్లజాతి వాళ్ళు ప్రభుత్వం వైపు నిలబడి ఆయుధం పట్టారు, కొత్త రాజ్యాంగంలో వాళ్ళ ఓటు వాళ్ళకి వచ్చింది. 1860 నాటికి నల్లజాతి మగవాళ్ళు తెల్లవాళ్ళతో సమానంగా ఓటు వేయగలిగింది ఐదు రాష్ట్రాల్లోనే, అందులో రోడ్ ఐలాండ్ ఒకటి.

జయనగర్_అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి భోజనాలయ్యాక నేనూ పాపా ఆయనా ముగ్గురం కూర్చొని మొదటినుంచి చివరిదాకా చదివాం. 40 షిల్లింగుల అద్దె దగ్గర మా ఆయన ఆగిపోయారు. మేము పదహారేళ్ళుగా జయనగర్‌లో అద్దెకే ఉంటున్నాం. "మనం కూడా ఆ రోజు వరకు అసెంబ్లీకి ఓటు వేసి ఆ మర్నాటినుంచి వేయలేనివాళ్ళం అయ్యేవాళ్ళం" అన్నారు. ఆ తర్వాత కాసేపు మా ముగ్గురికీ మాట రాలేదు.

పక్షం మార్చమని అడగట్లేదు. పాప వాన్ బ్యూరెన్‌గానే మాట్లాడుతుంది, మాస్టారు చెప్పినట్టు మర్యాదగా, అరవకుండా. కానీ టీచర్‌ని ఒకటి అడిగింది. ఆ సభలో నల్లజాతి సభ్యుడు ఒక్కడూ లేడు కదా, మా క్లాసులో ఒక కుర్చీ ఖాళీగా వేసి, చర్చ అయ్యాక ఎవరైనా ఒకరు అక్కడినుంచి ఆండ్రూ విలియమ్స్‌గా రెండు నిమిషాలు మాట్లాడవచ్చా అని. టీచర్ సరే అన్నారట. ఎవరు మాట్లాడతారో ఇంకా తేలలేదు, ఆరుగురు చేతులెత్తారు.

మాస్టారూ, ఒక సందేహం. తన ప్రసంగాన్ని పాప ఇలా మొదలుపెట్టింది: "నిన్న ఈ మాటను తీసేయడానికి ఓటు వేసిన 63 మందిలో నేనూ ఒకణ్ణి, ఈ రోజు 250 డాలర్లకి ఎందుకు ఒప్పుకుంటున్నానో చెబుతాను." 'నిన్న' అనవచ్చా, లేక ఆ రెండు ఓటింగులకీ మధ్య రోజులు గడిచాయా? తప్పు రాకూడదని పట్టుబడుతోంది.

పాతపాఠం_మాస్టారు

'నిన్న' వద్దమ్మా, మధ్యలో కమిటీ కూర్చుంది కాబట్టి రోజులు గడిచాయి. 'మొదట' అని మార్చుకోమనండి. మిగతాదంతా అలాగే ఉంచమనండి, ఒక్క అక్షరం కూడా మార్చవద్దు.